ఉయ్యాల కొక్కెం

గృహప్రవేశానికి మేస్త్రీని పిలిచి బట్టలు పెట్టడం మా వైపు ఎంత లేనివాళ్ళైనా మానని మర్యాద. పాలు పొంగాక, పంతులుగారి సంభావన అయ్యాక, ఇల్లు కట్టినవాణ్ణి పీట మీద కూర్చోబెట్టి, బొట్టుపెట్టి, పంచెల చాపూ తాంబూలమూ చేతిలో పెడతారు. ముప్పై ఏళ్ళలో చినబాబు అలా పెట్టించుకున్న పంచెలతో ఇంట్లో ఒక ట్రంకుపెట్టె నిండిపోయింది. కట్టుకోగా మిగిలినవాటిని అతని భార్య తాయారు చుట్టాల ఇళ్ళల్లో పెళ్ళిళ్ళకి పెట్టేస్తూ ఉంటుంది. అలాంటి మనిషికి ఈసారి పిలుపు వచ్చిన దగ్గర్నుంచీ అన్నం సయించడం లేదు.

పిలవడానికి మరిడమ్మ స్వయంగా ఆటో కట్టించుకుని వచ్చింది. ఎండుచేపల వ్యాపారం ఆవిడది. సముద్రం ఒడ్డున ఉన్న ఊరి నుంచి గంపలు వేసుకుని పాతికేళ్ళపాటు ఆమదాలవలస సంతకీ, శ్రీకాకుళం బజారుకీ తిరిగింది. ఆ కష్టంతోనూ, కొడుకు వినోద్ గుజరాత్‌లో వేరావల్ బోట్ల మీద సంపాదించి పంపినదానితోనూ అరసవల్లిలో పాత ఇల్లు ఒకటి కొనుక్కుంది. ఆ ఇంటిని బాగుచేసింది చినబాబే.

"శ్రావణ శుక్రవారం, పొద్దుట తొమ్మిదింటికి. నువ్వూ, నీ ఇంటిదీ ఇద్దరూ రావాల" అంది మరిడమ్మ గడపలో నిలబడే.

"రిపేరు సేసినోడికి బట్టలు పెట్టడం ఎక్కడా సూళ్ళేదమ్మా" అంది తాయారు మురిసిపోతూ.

"ఆ ఇల్లు కట్టినోడెవుడో మాకు తెల్దు. మాకు తెలిసిన మేస్త్రీ ఈయనే. గట్టిదని ఈయన సెప్తేనే కదా కొన్నాం."

చినబాబు ఆ మాటకి తల అడ్డంగానో నిలువుగానో ఊపి, బయట పనుందని బండి తీసుకుని వెళ్ళిపోయాడు. పనేం లేదు. నాగావళి వంతెన దాకా వెళ్ళి, అక్కడ బండాపి, గంటసేపు నిలబడి తిరిగి వచ్చాడు.

అసలు సంగతి చెప్పాలంటే మురళీమోహన్ దగ్గర మొదలుపెట్టాలి. పాత ఇళ్ళు కారుచవకగా కొని, మొహం కడిగి, బొట్టుపెట్టి, అమ్మేయడం ఆయన వ్యాపారం. శ్రీకాకుళంలోనూ విజయనగరంలోనూ అలాంటివి ఇరవై దాకా అమ్మాడు. వాటిలో పద్నాలుగు చినబాబు చేతుల మీదుగా వెళ్ళినవే. తాపీమేస్త్రీగా ఉన్నవాడు "కాంట్రాక్టర్" అని కార్డు కొట్టించుకున్నది కూడా ఆయన ఇచ్చిన పనుల ధైర్యంతోనే.

"కొనేవాడు ఇంట్లో ఉండేది పావుగంట చినబాబూ. ఆ పావుగంటలో వాడి కంటికి ఏది ఆనుతుందో దానికే మనం ఖర్చుపెట్టాలి" అని మురళీమోహన్ పాఠం చెప్పేవాడు. గుమ్మానికి కొత్త తలుపు, ముందుగదిలో మెరిసే టైల్సు, వంటింట్లో నల్ల గ్రానైటు, నాలుగు లైట్లు. ఆయన లెక్కన ఇల్లంటే అంతే. చినబాబుకి ఆ లెక్క మింగుడుపడేది కాదుగానీ, కూలి సక్రమంగా వస్తున్నప్పుడు లెక్కల గురించి వాదించడం ఎందుకని ఊరుకునేవాడు. లోలోపల మాత్రం ఇంకో కుళ్ళు ఉండేది. దుమ్ము తినేది తను, మడమలు పగిలేది తనకి. చివర్న కారులో వచ్చి తాళాలు అందించేవాడిది లాభం.

మురళీమోహన్ ఆ కుళ్ళుని కనిపెట్టినట్టున్నాడు. "అరసవల్లి ఇంట్లో నువ్వూ కలువు. నాలుగోవంతు నీది" అన్నాడు ఒకరోజు.

ఆ మాటతో చినబాబు నేల మీద నడవలేదు. ఆమదాలవలసలో కొనుక్కున్న రెండు సెంట్ల జాగా అమ్మేశాడు. తాయారుకి పార్ట్‌నర్ అన్న మాట అర్థం చెప్పి, ఆవిడ చేత నాలుగైదుసార్లు పలికించాడు కూడా.

ఇక్కడే ఉంది విడ్డూరం. ఊళ్ళో ఎవరు పాత ఇల్లు కొనాలన్నా ముందు చినబాబుని తీసుకెళ్ళి చూపిస్తారు. అతను తాపీ పిడితో గోడ మీద, స్లాబు మీద కొట్టి వింటాడు. గట్టిగా ఉంటే ఖంగుమంటుంది, లోపల వదిలేసి ఉంటే డొల్ల చప్పుడు వస్తుంది. అందరి ఇళ్ళూ కొట్టి చూసిన మనిషి తన జాగా అమ్మి కొంటున్న ఇంటిని కొట్టి చూడలేదు. అద్దెకున్నవాళ్ళు వెనకగది అటకల నిండా సామాను పెట్టారు, పైన మందంగా సున్నం కొట్టి ఉంది. ఇంకెవరైనా ఎగరేసుకుపోతారేమోనన్న తొందరలో చినబాబు ముందుగది చూసి సరిపెట్టుకున్నాడు.

రిజిస్ట్రేషన్ అయ్యాక, సామాను తీసేశాక, వెనకగది పైకప్పు మీద ఒక దెబ్బ వేశాడు. డొల్ల. ఇంకో దెబ్బకి చాటంత పెచ్చు ఊడి భుజం పక్కనుంచి కిందపడింది. లోపలి చువ్వలు తుప్పుపట్టి పొరలు పొరలుగా లేచి ఉన్నాయి. గోటితో గిల్లితే రాలాయి. పెచ్చు ముక్క ఒకటి తీసి నాలిక్కి ఆనించుకున్నాడు. ఉప్పగా ఉంది. ఎప్పుడో ఏ మహానుభావుడో సముద్రపు ఇసక కలిపి పోశాడన్నమాట.

"ఇది కూలదీసి మళ్ళీ పొయ్యాల్సిందే సార్" అని మురళీమోహన్‌కి ఫోన్ చేశాడు.

"కూలదీస్తే మనకి మిగిలేదేమిటి?"

"పడిపోద్ది సార్."

"ఎప్పుడు?"

"సెప్పనేం. పదేళ్ళు ఆగొచ్చు. వచ్చే వానాకాలానికే పడిపోవచ్చు."

"పదేళ్ళు ఆగేదాన్ని ఇవాళ కూలగొడతానంటావు. నీ జాగా డబ్బులు కూడా అందులోనే ఉన్నాయి, చూసుకో మరి. ఫాల్స్ సీలింగ్ వేసేయ్, గది అందంగా ఉంటుంది."

వేరేవాళ్ళ డబ్బయితే చినబాబు అక్కడే తాపీ కింద పెట్టేసేవాడేమో. అలా అని తర్వాత చాలాసార్లు తనకి తను చెప్పుకున్నాడు. కానీ ఆ రోజు పెట్టలేదు. పనివాళ్ళందరినీ ముందుగదిలో టైల్సుకి పెట్టి, వెనకగది తలుపు దగ్గరగా వేసుకుని, సీలింగు ఫ్రేము తనే బిగించాడు. మామూలుగా ఆ ఫ్రేము స్లాబుకి వేలాడదీస్తారు. అతను వేలాడదీయలేదు. నాలుగు గోడలకీ పట్టించాడు, మధ్యలో ఇనప గొట్టం అడ్డం పెట్టాడు. ఆ గదికి సీలింగు ఫ్యాను కూడా పెట్టకుండా గోడ ఫ్యాను తెచ్చాడు. ఒక ఫ్యాను బరువుకే నమ్మని స్లాబు కింద మనుషులు పడుకోవచ్చని తెల్లటి జిప్సం బోర్డులు కొట్టేశాడు.

ఆ రంగు ఇంకా తడిగా ఉండగానే మరిడమ్మ ఇల్లు చూడ్డానికి వచ్చింది.

మురళీమోహన్ వీధిలో ఎవరితోనో ఫోన్‌లో ఉన్నాడు. ఆవిడ చెప్పులు బయట విప్పేసి, గుళ్ళోకి వచ్చినట్టు వచ్చింది. అన్ని గదులూ తిరిగింది. చివరికి మోకాళ్ళ దాకా సిమెంటు కొట్టుకుని ఉన్న చినబాబు దగ్గర ఆగింది.

"బావూ, ఆ కారాయన మాట నాను నమ్మను. అమ్ముకునేటోడు మంచిదనే సెప్తాడు. నువ్వు పనోడివి. నీ కూలి నీకొస్తాది, ఇల్లు అమ్ముడైనా మానినా నీకు ఒకటే. నీకు అబద్దంతో పనేటి? సెప్పు, ఈ ఇల్లు గట్టిదేనా? మా కోడలికి నెలలు నిండుతున్నాయి. పుట్టే గుంటని తెచ్చి ఈ ఇంట్లోనే పెంచాల."

చినబాబు ఏం చేశాడో చెప్పాలంటే నాకే సిగ్గుగా ఉంది. తాపీ పట్టుకుని ఆవిణ్ణి ముందుగదిలోకి తీసుకెళ్ళాడు. గుమ్మం పక్క గోడ మీద పిడితో కొట్టాడు. ఖంగుమంది. స్టూలెక్కి ముందుగది స్లాబు మీద కొట్టాడు. అదీ ఖంగుమంది.

"ఇన్నావా అమ్మా? కంచులా పలుకుతన్నాది" అన్నాడు.

"ఎనకగది కూడా కొట్టి సూపించు."

"అక్కడ కొత్త సీలింగు. కొడితే పాడైపోద్ది."

"ఆ గదికి మీద ఫ్యాను పెట్టనేదేటి?"

"బాలింత పడుకునే గదికి మీద గాలి మంచిది కాదు కదమ్మా" అన్నాడు చినబాబు. ఆ మాట ఎక్కణ్ణించి వచ్చిందో అతనికే తెలీదు. అంత సుళువుగా వచ్చేసింది.

మరిడమ్మ మొహం విప్పారింది. ఇంత ముందుచూపు ఉన్న మేస్త్రీని తను చూళ్ళేదంది. సంచిలోంచి ఎండు నెత్తళ్ళ పొట్లం తీసి, పిల్లలకి తీసుకెళ్ళమని చేతిలో పెట్టింది. ఆ సాయంత్రం తాయారు వాటిని వంకాయతో కలిపి వండింది. చినబాబు తిన్నాడు కూడా.

తర్వాత మూడు నెలలపాటు అతను పట్టుకు వేలాడింది ఒక్కటే మాట. నేను అబద్ధం ఆడలేదు. గట్టిగా ఉన్నచోట కొట్టాను, గట్టిగా ఉందన్నాను. బండి మీద వెళ్తూ అనుకునేవాడు, స్నానం చేస్తూ అనుకునేవాడు. వాన పడ్డ రోజు మాత్రం ఆ మాట పనిచేసేది కాదు. ఎక్కడున్నా ఆ వెనకగది గుర్తొచ్చేది. అరసవల్లి మీదుగా వెళ్ళాల్సిన పనులకి ఊరంతా చుట్టి వెళ్ళడం మొదలుపెట్టాడు.

ఇప్పుడు శుక్రవారం రానే వచ్చింది. జ్వరమని పడుకుందామనుకున్నాడుగానీ తాయారు పడుకోనిస్తే కదా. ఆకుపచ్చ పట్టుచీర కట్టుకుని ఏడింటికే తయారై కూర్చుంది. "పార్ట్‌నర్ పెళ్ళాన్ని, లేటుగా ఎల్తే బాగుంటాదా" అంది. మురళీమోహన్‌కి ఫోన్ చేస్తే ఆయన నవ్వాడు. "అమ్మేసిన ఇంటికి నేను మళ్ళీ వెళ్ళనయ్యా. నువ్వు వెళ్ళి భోంచేసి రా" అన్నాడు.

ఇంటి ముందు చిన్న షామియానా వేశారు. గుమ్మానికి మామిడాకులు, బంతిపూలు. పాతిక ముప్పై మంది చుట్టాలు ఒడ్డు నుంచి వ్యాన్ కట్టించుకుని వచ్చారు. వినోద్ ఎదురొచ్చి చేతులు పట్టుకున్నాడు. ఎండకి మాడిన మొహం, ఇరవయ్యారేళ్ళు ఉంటాయి.

"రండి మావయ్యా. మీ కోసమే సూస్తన్నాం. వచ్చే బుధవారం నాను వేరావల్ ఎల్లిపోతన్నాను. మళ్ళీ ఎనిమిది నెల్లకి గానీ రాను. ఇన్నేళ్ళూ తుపాను అని టీవీలో సెప్తే సాలు, అమ్మ గొంతు ఫోన్లో ఇనేదాకా నాకు అక్కడ వల మీద సెయ్యి ఆడేది కాదు. ఈయేడు నిద్రపోతాను. మీ దయ."

చినబాబుకి తల కొట్టేసినట్టయింది. ఏదో అనాలి కాబట్టి "అంతా దేవుడి దయ" అన్నాడు.

పాలు పొంగాయి. పంతులుగారికి సంభావన అయింది. ఆ తర్వాత మరిడమ్మ ముందుగది మధ్యలో రెండు పీటలు వేయించి చినబాబునీ తాయారునీ కూర్చోబెట్టింది. బొట్టుపెట్టి, అంచు పంచెలు అతని చేతిలో, వంగపండు రంగు చీర తాయారు ఒళ్ళో పెట్టింది. పెట్టి ఊరుకుంటే బాగుండేది. చుట్టాలవైపు తిరిగి, తను ఇల్లు చూడ్డానికి వచ్చిన రోజు కథంతా చెప్పింది. గుమ్మం పక్క గోడ దగ్గరికి వెళ్ళి, "ఇదిగో, సరిగ్గా ఇక్కడ కొట్టేడు" అని అరచేత్తో తట్టి చూపించింది. బాలింతకి మీద గాలి తగలకూడదని ఫ్యాను గోడకి పెట్టిన వైనం కూడా చెప్పింది. ఆడవాళ్ళు మెచ్చుకోలుగా చూశారు.

ఎవరో పెద్దాయన ముందుకొచ్చి, తను కూడా టౌన్లో పాత ఇల్లు ఒకటి బేరమాడుతున్నానని, మరిడమ్మకి చూపించినట్టే తనకీ కొట్టి చూపించాలని అడిగాడు. చినబాబు సరేనన్నాడు. భోజనాలు కాకుండానే వెళ్ళిపోవడానికి ఏ అబద్ధం చెప్పాలా అని ఆలోచిస్తున్నాడు.

సరిగ్గా అప్పుడు వినోద్ పిలిచాడు. "మావయ్యా, ఒకసారి ఎనకగదికి రండి."

వెనకగదిలో వినోద్ భార్య ఉష గోడవారన కూర్చుని ఉంది. ఒళ్ళో మూడోనెల పాప. గది మధ్యలో కొత్త టేకు ఉయ్యాల, నాలుగు ఇత్తడి గొలుసులు. ఉష పుట్టింటివాళ్ళు తెచ్చారట. గృహప్రవేశం రోజే ఉయ్యాల్లో వేస్తే మంచిదని పంతులుగారు పదకొండున్నరకి ముహూర్తం పెట్టాడు. తాయారూ, మరిడమ్మా, ఇంకో పది మంది ఆడవాళ్ళూ గుమ్మం దగ్గర గుమిగూడారు.

"పాత ఇల్లు కదా, ఈ సీలింగు పైన స్లాబుకి ఉయ్యాల కొక్కేలు ఉండే ఉంటాయి. ఎక్కడున్నాయో మీకు తెలుస్తాది. ఆ కాడ బోర్డు కోసుకుని గొలుసులు దించుకుంటాం" అన్నాడు వినోద్.

కొక్కేలు ఉన్నాయి. రెండు. తుప్పుకి చీపురుపుల్లలంత సన్నబడి ఉన్నాయి. వాటిని కప్పింది తనే.

"ఈ గదిలో కొక్కేలు నేవు బాబూ" అన్నాడు చినబాబు.

"నేకపోతే ఏటి, కొత్తవి దింపుకుందాం. డ్రిల్లు మిషను తెచ్చే ఉంచేను" అంటూ వినోద్ స్టూలు లాగి ఎక్కాడు. కత్తితో బోర్డు మీద గీత పెట్టాడు. మిషను వైరు ప్లగ్గులో ఎవరో పెట్టేశారు.

ఒక అబద్ధానికి ఇంకో అబద్ధం చెప్పొచ్చు. కరెంటు వైర్లున్నాయనొచ్చు, ముహూర్తం దాటిపోతుందనొచ్చు, స్టాండు ఉయ్యాల కొనుక్కోమనొచ్చు. అవన్నీ చినబాబు నోటి దాకా వచ్చాయి. కానీ వినోద్ స్టూలు మీద నిలబడి, మెడ ఎత్తి, నోరు కాస్త తెరుచుకుని, సరిగ్గా ఆ పెచ్చుల కింద ఉన్నాడు. వెనకాల పాప ఏదో శబ్దం చేసింది.

"దిగు బాబూ" అన్నాడు చినబాబు. "ఆ స్లాబుని ముట్టుకోకు. దిగు ముందు. తల్లీ, నువ్వు పాపని తీసుకుని ముందుగదిలోకి ఎల్లు. అందరూ ఎల్లండి."

వినోద్ దిగాడు, ఉష పాపని ఎత్తుకుని ముందుగదిలోకి వెళ్ళింది, ఆడవాళ్ళు గుమ్మం అవతలికి జరిగారు. ఉయ్యాలని పక్కకి లాగారు. చినబాబు పంచెల చాపు గూట్లో పెట్టి, స్టూలు గోడవారకి జరుపుకుని ఎక్కి, కత్తితో బోర్డుని చదరంగా కోశాడు. ముక్క ఊడగానే దానితోపాటు గుప్పెడు తుప్పు, రెండు పెచ్చులు టైల్సు మీద పడ్డాయి. ఒక పెచ్చు కొబ్బరిచిప్పంత ఉంది. మూడు నెలల్లో స్లాబు దానంతట అదే వదిలి బోర్డు మీద రాల్చినవి అవి. అతను దిగి, ఫోన్ లైటు వేసి పైకి చూపించాడు.

వినోద్ చూశాడు. మరిడమ్మ చూసింది. పైన ఇనప చువ్వలు ఎర్రగా, బోలుగా, ఎముకలు తేలినట్టు తేలి ఉన్నాయి.

"ఇది నీకు ఎప్పుడు తెలిసింది?" అంది మరిడమ్మ. ఆవిడ గొంతు పెంచలేదు.

"సీలింగు కొట్టకముందే తెలుసు."

"నాను అడిగిన రోజుకి?"

"అప్పటికే కప్పీసేను."

"మరి కొట్టి సూపించేవు కదా."

"బాగున్న కాడ కొట్టేను."

"ఫ్యాను?"

"ఈ స్లాబు ఫ్యాను మొయ్యదని."

మరిడమ్మ అడగని మాట ఒకటి మిగిలింది, అది చెప్పకపోతే చెప్పినదంతా కూడా దొంగతనమే అవుతుందని చినబాబుకి అనిపించింది.

"అమ్మా, ఆ రోజు నువ్వు నన్ను పనోడన్నావు. ఇల్లు అమ్ముడైనా మానినా నాకు ఒకటేనన్నావు. కాదు. ఈ ఇంట్లో నాకు నాలుగోవంతు వాటా ఉన్నాది. అమ్ముడవ్వాలనే కొట్టేను."

వినోద్ ఒక్క అంగలో వచ్చి చొక్కా పట్టుకున్నాడు. చినబాబు విడిపించుకోలేదు. నాలుగు తగిలించి ఉంటే అతనికి కాస్త తేలిగ్గా ఉండేది. మరిడమ్మ కొడుకు భుజం మీద చెయ్యి వేసి, "ఒగ్గీ. బట్టలు పెట్టి కూకోబెట్టిన మనిషి మీద సెయ్యి సేసుకోకు" అంది. చొక్కా వదిలేశాక చూసుకుంటే గుమ్మం దగ్గర తాయారు లేదు. ముందుగదిలో పీట మీద వంగపండు చీర మడత పెట్టినట్టే పెట్టి ఉంది. భార్య మొహం తను చూడకుండానే ఆవిడ వెళ్ళిపోయినందుకు అతనికి ఒక పక్క ఊరటగా ఉంది, ఆ ఊరటకి మళ్ళీ సిగ్గేసింది.

"నా సేత్తోనే ఈ స్లాబు తీసి మళ్ళీ పోస్తానమ్మా. పైసా వద్దు. నా వాటా మొత్తం..."

"డబ్బు సంగతి పెద్దల్లో తేలుద్దాం. ఆ కారాయన్ని కూడా కూకోబెట్టి తేలుద్దాం. స్లాబు మాత్రం నీ సేతి మీద ఒద్దు." మరిడమ్మ కింద పడ్డ పెచ్చు తీసి చేతిలో పట్టుకుంది. "ఒక మాట సెప్పు. నీ సొంత ఇంటికి స్లాబు పొయ్యాల. నీకు సెయ్యి విరిగిపోనాది, నువ్వు పొయ్యనేవు. ఎవుణ్ణి పిలుస్తావు?"

ముప్పై ఏళ్ళుగా ఎవరు అడిగినా, జిల్లాలో తనంత మేస్త్రీ ఇంకొకడు లేడని చెప్పుకుంటూ వచ్చినవాడు చినబాబు. ఇప్పుడు ఆలోచించాల్సిన పని కూడా లేకుండా పేరు నోటికొచ్చింది.

"నెల్లిమర్ల నూకయ్య మావని."

"ఫోను సెయ్యి. అందరికీ ఇనబడేలా పెట్టు."

నూకయ్యకి డెబ్బై ఏళ్ళు. జూట్ మిల్లు వెనక వీధిలో ఉంటాడు. ఇప్పటికీ పనికి వెళ్తాడు. పద్దెనిమిదేళ్ళ కుర్రాడిగా చినబాబు ఇటుకలు మోస్తుంటే పిలిచి, తాపీ చేతికిచ్చి, స్లాబు పని నేర్పినవాడు ఆయనే. కాంట్రాక్టర్ అయ్యాక చినబాబు ఆయనకి ఫోన్ చేయలేదు. కావాలని మానలేదు, చేయాల్సిన అవసరం రాలేదంతే. నంబరు కోసం రెండు నిమిషాలు వెతకాల్సి వచ్చింది.

"ఎవురూ? చినబాబేటి?" ముసలాయన గొంతు గది నిండా మోగింది. "ఒరే, బతికే ఉన్నావేట్రా? ఇన్నాల్లకి గుర్తొచ్చేనా?"

"మావా, ఒక పని ఉన్నాది. అరసవల్లిలో. ఎనకగది స్లాబు పూర్తిగా పోనాది. చువ్వల్ని సగానికి సగం తుప్పు తినేసింది. ఉప్పు ఇసక."

"ఏటి, ఉప్పు ఇసకే? సూసినావేటి?"

"నాలిక్కి పెట్టి సూసేను."

"అయితే ఇంక మందులూ మాకులూ పనికిరావు, దింపీయాల్సిందే. ఆ కింద ఎవుళ్ళూ పడుకోటం నేదు కదా?"

"నేదు మావా. ఇయ్యాలే గృహప్రవేశం."

"ఇయ్యాలా? మరి ఇంత పాడైపోనదాన్ని సూసి ఎలాగ కొన్నారర్రా ఆళ్ళు?"

"కనబడకుండా సీలింగు కొట్టి ఉన్నాది."

ముసలాయన ఒక బూతు తిట్టాడు. ఆడవాళ్ళు విన్నారు, ఎవరూ మొహం తిప్పుకోలేదు. "తెలిసే కప్పేడా? మేస్త్రీయేనా ఆడు? ఆణ్ణి అని ఏటి లాభం. అలాటోడి సేతికి తాపీ ఇచ్చి పని నేర్పినోడు ఎవుడో, ముందు ఆణ్ణి సెప్పుచ్చుకు కొట్టాల. ఎవుడ్రా ఆ కప్పినోడు?"

చినబాబు ఫోన్ వైపు చూశాడు. వినోద్ నేల వైపు చూస్తున్నాడు.

"నేనే మావా" అన్నాడు.

ఫోన్ కట్ అయిందేమోనని చినబాబు చూసుకున్నాడు. అవలేదు, సెకన్లు నడుస్తూనే ఉన్నాయి. వెనకాల ఎక్కడో సైకిలు బెల్లు మోగింది. నూకయ్య దగ్గు ఒకటి వినబడింది.

"మావా" అన్నాడు చినబాబు.

"ఆ ఇంటామెకి ఫోనియ్యి" అన్నాడు నూకయ్య.

చినబాబు ఇచ్చాడు. మరిడమ్మ ఫోన్ చెవికి పెట్టుకుని, పెచ్చు చేతిలో ఉండగానే వీధి అరుగు మీదకి వెళ్ళిపోయింది. "సెప్పు బావూ... ఆఁ, ఎనకగదే... ముందుగది సంగతి నువ్వొచ్చి సూడు, ఈయన మాట మాకొద్దు... రేపే వస్తావా" అని ఆవిడ అంటున్న మాటలు వినబడుతున్నాయి. ఉష పాపని ఎత్తుకుని షామియానా కింద కూర్చుంది. అటు అరటాకులు వేస్తున్నారు. లోపల ఏం జరిగిందో తెలియని వడ్డన మనిషి ఒకడు వచ్చి, "మేస్త్రీ గారూ, మొదటి పంక్తిలో మీకు ఆకు ఏసేం, రండి" అన్నాడు. చినబాబు రానని చెయ్యి ఊపాడు. వెళ్ళిపోదామంటే ఫోన్ తనది. ఆవిడ మాట్లాడ్డం అయ్యేదాకా, వచ్చేపోయేవాళ్ళకి అడ్డం కాకుండా గోడకి ఆనుకుని, తల దించుకుని నిలబడ్డాడు.